మరపాచి బొమ్మలు, పగలని సీలు

మా చెల్లెలు మెల్‌బోర్న్‌లో ఉంటుంది. ఈ దసరాకు మొదటిసారి బొమ్మల కొలువు పెడుతుందట. మొన్న ఫోను చేసి, "అక్కా, అమ్మమ్మ మరపాచి జంట ఇన్నేళ్లూ నీ దగ్గరే ఉంది కదా, ఈసారి నాకు పంపు. రోజూ కంటైనర్లకు కంటైనర్లు పంపేదానివి, రెండు బొమ్మలు పంపలేవా?" అంది.

నిజమే. చెన్నైలో ఒక క్లియరింగ్ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా ఎగుమతి కాగితాలు తయారు చేస్తున్నాను. ఆ కాగితాలు తెలిసినందువల్లే వెంటనే సరే అనలేకపోయాను.

ఆ బొమ్మలు కొలువులో పెట్టే రాజు, రాణి. ఎర్రచందనం కట్టెతో చేసినవి, జానెడు పొడవు ఉంటాయి. రాజు ముక్కు పూర్తిగా అరిగిపోయింది. మాలో ఎవరికి సెగ్గడ్డ లేచినా అమ్మమ్మ ఆ బొమ్మను సానమీద అరగదీసి పట్టు వేసేది, అలా పోయిన ముక్కు అది. రైల్వే కోడూరులో వేసవి సెలవులకు వెళ్లినప్పుడు వాటిని బకెట్టు నీళ్లలో వేసి ఆడుకునేవాళ్లం. కట్టె కదా, తేలాలి. ఇవి రాయిలా అడుక్కి పోయేవి. "చేవ అంటే అదే" అనేది అమ్మమ్మ. కరోనా రోజుల్లో ఇంట్లో కనిపించిన ప్రతి వస్తువునూ శానిటైజర్‌తో తుడుస్తూ రాణిని కూడా తుడిచాను. దూది ఎర్రగా తడిసింది. గాయం అయిందేమో అని వేలు చూసుకున్నాను. ఆ రంగు నీళ్లకు కరగదు, ఆల్కహాలుకు కరుగుతుంది. ఎర్రచందనాన్ని రక్తచందనం అని ఎందుకంటారో నాకు ఆ రోజు అర్థమైంది.

శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ. ఈ తూర్పు కనుమల దక్షిణపు కొస దాటితే ఈ చెట్టు సహజంగా ఎక్కడా పెరగదు. గిరాకీ మాత్రం చైనాలో రాచరికపు తరహా కుర్చీలకూ మంచాలకూ, జపాన్‌లో షామిసెన్ అనే తీగ వాయిద్యపు మెడకూ. అందుకే కడప, చిత్తూరు కొండల్లో గొడ్డలి వేటు పడితే కేసు కాగితాలు దుబాయి, హాంకాంగ్ దాకా పోతాయి.

అంతరించిపోయే జీవాల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం 1973లో వాషింగ్టన్‌లో కుదిరింది, 1975లో అమలులోకి వచ్చింది. మన దేశం 1976లో చేరింది. ఎర్రచందనం 1995లో దాని రెండో అనుబంధంలోకి ఎక్కింది. అంటే వ్యాపారం పూర్తిగా నిషేధం కాదు, ఎగుమతి చేసే దేశం అనుమతి పత్రం ఇస్తేనే సరుకు సరిహద్దు దాటాలి. ఇంతవరకు బాగుంది. అయితే అనుబంధంలో ఆ చెట్టు పేరు పక్కన చిన్న గుర్తు ఒకటి ఉంటుంది. ఏయే రూపాలకు ఈ నియమం వర్తిస్తుందో చెప్పే గుర్తు అది. దుంగలు, చెక్క పేళ్లు, పొడి, సారం. అంతే. కుర్చీ లేదు, పెట్టె లేదు, బొమ్మ లేదు.

రోజంతా కాగితాలు చదివే మనిషిని కాబట్టి ఆ ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను. దుంగగా ఉన్నంతసేపు ప్రపంచమంతా దానికి కాపలా. ఎవరైనా వడ్రంగి దాన్ని కుర్చీ చేశాడా, ఆ ఒప్పందం దృష్టిలో అది మామూలు సామాను. కొనేవాడి గది దాకా ఆ చట్టం వెళ్లదు. చేతి పని వాళ్లను ఇబ్బంది పెట్టకూడదన్న మంచి ఉద్దేశం ఉంటే ఉండవచ్చు, నాకు మాత్రం అది దొడ్డిదారిలా కనిపిస్తుంది.

ఇక రేవుల సంగతి. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో సీలు అంటే వేదవాక్కు అనుకునేదాన్ని. ఫ్యాక్టరీలో సరుకు నింపి, తలుపు కడ్డీకి బోల్టు సీలు బిగించి, ఆ నంబరు షిప్పింగ్ బిల్లులో రాస్తాం. రేవులో నంబరు సరిపోతే లోపల సరుకూ సరిపోయినట్టే లెక్క. మా ఆఫీసులో పెద్దాయన ఒకసారి నన్ను యార్డుకు తీసుకువెళ్లి ఖాళీ కంటైనర్ వెనుక నిలబెట్టాడు. "సీలు ఎక్కడుంది?" అన్నాడు. చూపించాను. "తలుపు దేనిమీద నిలబడింది?" అన్నాడు. బందుల మీద, అంటే తలుపు తిరిగే కీళ్ల మీద. దారిలో ఏదో గోదాములో లారీ ఆపి, తలుపును బందుల దగ్గర ఊడదీసి, లోపలి సరుకు దించి దుంగలు పేర్చి, మళ్లీ బిగిస్తారు. సీలు నంబరు చెక్కు చెదరదు. ఆ రోజు నుంచి ఏ కంటైనర్ చూసినా నా కళ్లు ముందు బందుల మీదికే పోతాయి. బందు దగ్గర రంగు కొత్తగా మెరుస్తుంటే నా పని కాకపోయినా రెండోసారి చూస్తాను.

2022 జూన్‌లో దొంగరవాణాను పట్టే కేంద్ర నిఘా సంస్థ డీఆర్ఐ వాళ్లు గుజరాత్‌లోని ముంద్రా రేవులో ఇలాంటి ఎగుమతి కంటైనర్ ఒకటి పట్టుకున్నారు. షార్జాకు వెళ్లాల్సిన సరుకు. కాగితాల మీద ఉన్నది సబ్బుల్లాంటి స్నానాల గది సామాను. లోపల దొరికింది 14.63 టన్నుల ఎర్రచందనం. కడప కొండల చెట్టు కచ్ తీరానికి చేరిందంటే ఎన్ని లారీలు మారి ఉంటుందో, ఎన్ని చెక్‌పోస్టులు దాటి ఉంటుందో! దానికి "ఆపరేషన్ రక్తచందన్" అని పేరు పెట్టారు. పేర్లు పెట్టడంలో అందరూ ఉత్సాహవంతులే. ఇంటర్‌పోల్, ప్రపంచ కస్టమ్స్ సంస్థ కలిసి వన్యప్రాణుల, కలప దొంగరవాణా మీద ఏటా ఆయా దేశాల వాళ్లతో చేయించే దాడుల పేరు "థండర్". 2024 నవంబరు, డిసెంబరుల్లో 138 దేశాలలో జరిగిన దాడుల్లో 365 మందిని అరెస్టు చేశారు, దాదాపు 20 వేల ప్రాణులను కాపాడారు. ఎగతాళి చేయడం లేదు. ఒక రేవులో కస్టమ్స్ వాడికి తెలిసిన సంగతి ఇంకో రేవులో వాడికి అదే వారం తెలియడం ఎంత కష్టమో మాలాంటివాళ్లకు తెలుసు.

ఇంటర్‌పోల్ అనగానే టోపీలు పెట్టుకుని విమానం దిగే పోలీసులను ఊహించుకుంటాం. అలాంటివారు ఎవరూ లేరు. ఫ్రాన్సులోని లియోన్‌లో ఉన్న ఆ సంస్థ ఎవరినీ అరెస్టు చేయదు. రెడ్ నోటీసు అంటే "ఈ మనిషి మా దేశానికి కావాలి, కనిపిస్తే పట్టి ఉంచండి" అనే విన్నపం. పట్టుకోవాలా వద్దా అన్నది ఆ దేశం ఇష్టం. మన తరఫున ఆ విన్నపం సీబీఐ ద్వారా వెళుతుంది.

ఆ విన్నపం పని చేసిన సందర్భమూ ఉంది. ఎర్రచందనం కేసుల్లో పేరుమోసిన నిందితుడు ఒకాయన 2015లో మారిషస్‌లో దొరికాడు. నవంబరులో విమానంలో తీసుకువచ్చారు. అదే ఏడాది ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు కొండ ఊళ్ల నుంచి ఎర్రచందనం నరకడానికి వచ్చారని పోలీసులు చెప్పినవాళ్లు. వాళ్లెవరికీ నోటీసు లేదు, విమానం లేదు. చెన్నైలో ఆ వారమంతా తమిళ పత్రికల్లో వాళ్ల ఊళ్లే. పక్క సీటు అమ్మాయిది తిరువణ్ణామలై వైపు. "మీ ఊరి చెట్టు, మా ఊరి మనుషులు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

చెల్లెలికి ఇదంతా చెప్పలేదు. "సైటిస్ జాబితాలో బొమ్మ లేదు కానీ, మన ఎగుమతి నియమాల్లో ఎర్రచందనానికి వేరే ఆంక్షలు ఉన్నాయి. పైగా మీ దేశంలో కట్టె వస్తువు ఏది తెచ్చినా ముందే చెప్పాలి. అనుమతుల కోసం తిరగాలి, అరిగిన ముక్కుకు కూడా వివరణ రాయాలి" అన్నాను.

"అమ్మమ్మ బొమ్మకు అనుమతా?" అని నవ్వింది. తరువాత కాసేపు మాట్లాడలేదు. "పోనీ, వాటి బట్టలైనా పంపు. ఇక్కడ ఏదో ఒక జంట కొనుక్కుంటాను."

ఆదివారం ట్రంకు పెట్టె దించాను. రాణికి అమ్మమ్మ పెళ్లి చీర అంచుతో కుట్టిన చీర, రాజుకు బెత్తెడు పంచె. ఇస్త్రీ చేసి, వాటి బదులు ఈ ఏడాది వాళ్లిద్దరికీ నా పాత జాకెట్టు ముక్కలు చుట్టాను. కొరియర్ ఫారంలో సరుకు వివరం అన్న గడిలో ఉన్నది ఉన్నట్టు రాశాను: బొమ్మల పట్టు బట్టలు, వాడినవి, 2.