శనివారం సంతకం

పదకొండున్నర దాటింది. ఈయన గుర్రు పెడుతున్నారు. ఇడ్లీపిండి ఓవెన్‌లో లైటు వేసి పెట్టి వచ్చాను, ఈ చలికి అది పొంగుతుందో లేదో గానీ నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు.

ఇవాళ ఇక్కడ ఇంగ్లండులో మా టిఫిన్ కొట్టుకి కౌన్సిల్ నుంచి, అంటే మన మునిసిపాలిటీ లాంటిదే, శుభ్రత ఇన్‌స్పెక్షన్ వచ్చింది. అయిదుకి నాలుగు ఇచ్చారు. పోయినసారి అయిదు.

చెప్పాపెట్టకుండా రావడం వాళ్ళ పద్ధతే. ఒకవైపు సాంబారు మరుగుతోంది, నేను చట్నీకి పల్లీలు వేయిస్తున్నాను, మెడలో కార్డు వేసుకుని ఒకావిడ లోపలికొచ్చి తెల్లకోటు తొడుక్కుని నేరుగా వెళ్ళి చేతులు కడుక్కుంది. అది మర్యాద అనుకునేరు, ఆ వంకన సింకు దగ్గర సబ్బు, వేడినీళ్ళు, తుడుచుకునే కాగితం ఉన్నాయో లేదో చూసేసుకుంటుంది. తర్వాత సాంబారులో థర్మామీటరు ముంచింది. వేడిగా ఉంచి అమ్మేది 63 డిగ్రీలు తగ్గకూడదు, ఫ్రిజ్‌లోది 8 దాటకూడదు. రెండూ సరిపోయాయి. పులిహోర అన్నం ఎలా చల్లారుస్తారంటే వెడల్పాటి పళ్ళాల్లో పల్చగా పరిచిపెట్టింది చూపించాను, చాలా బాగుందంది. అలెర్జీ ఉన్నవాళ్ళ కోసం ఆవాలు, నువ్వులు ఎందులో ఉన్నాయో, ఇంగువలో గోధుమపిండి కలుస్తుందని కూడా చార్టులో రాసిపెట్టాను, అదీ మెచ్చుకుంది.

పిండి దగ్గర మాత్రం ఆగిపోయింది. రాత్రంతా బయటే ఉంచుతారా? అవునమ్మా, పులవాలి కదా. ఎన్ని గంటలు? పొంగేదాకా. ఎంత వేడిలో? ఏం చెప్పను, మా అమ్మని అడిగితే మూత తీసి వాసన చూసి చెప్పేది! పులుపెక్కిన పిండిలో చెడ్డ క్రిములు అంత తేలిగ్గా పెరగవని వివరించాను, మీ రొట్టెలకి పిండి పులియబెట్టరా అని కూడా అందామనుకుని ఊరుకున్నాను. ఆవిడ కాదనలేదు, "అదే రాసి పెట్టండి" అంది. ప్రతిదానికీ ఆ మాటే. రాసి పెట్టండి, రాసి పెట్టండి. వంట చేయడానికి వచ్చానా, గుమాస్తాగిరీకి వచ్చానా?

ఈ మార్కుల లెక్క కూడా తిరకాసుది. ఎక్కువ వస్తే చెడ్డ. వంట శుభ్రానికి ఒకటి, గోడలూ నేలా సామానూ ఎలా ఉన్నాయో దానికి ఒకటి, మూడోది నడిపేవాళ్ళ మీద నమ్మకం. నాకు 5, 5, 10. మొత్తం 15 దాటకుండా, ఏ ఒక్కదాంట్లోనూ 5 దాటకుండా ఉంటేనే అయిదు నంబరు స్టిక్కరు. అంటే తిండి బాగుంది, వంటిల్లు బాగుంది, నా మీదే నమ్మకం లేదన్నమాట. "నాలుగంటే గుడ్ అని రాసుంది కదా, ఏడుపెందుకు" అన్నారు ఈయన. ఇంగ్లండులో తలుపుకి అంటించడం తప్పనిసరి కూడా కాదు, అదే వేల్స్‌లో అయితే సున్నా వచ్చినా అంటించాల్సిందే. కానీ ఆన్‌లైన్‌లో పెడతారుగా, అందరూ చూస్తారు. 21 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చట. చేస్తాను, కాగితానికి మార్కులు కోయడమేంటని సాయంత్రం దాకా కొట్టంతా ఎగిరాను.

ఇక్కడిదాకా రాసి ఆగిపోయాను. తెనాలి బాబాయ్ గుర్తొచ్చాడు.

1980ల చివరి మాట. బస్టాండు దగ్గర బాబాయ్ హోటలు. వేసవి సెలవుల్లో నేను గల్లాపెట్టె పక్కన స్టూలు మీదే ఉండేదాన్ని. ఓ రోజు ఫుడ్ ఇన్‌స్పెక్టరు వచ్చి కందిపప్పు శాంపిల్ కావాలన్నాడు. కేసరిపప్పు కలుపుతున్నారేమోనని అప్పట్లో పెద్ద అనుమానం. పప్పుని మూడు సీసాల్లో పోసి, కాగితాలు చుట్టి, దారం కట్టి, లక్క కరిగించి సీలు వేస్తుంటే నోరు తెరుచుకుని చూశాను, ఆ లక్క వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. తీసుకున్న పప్పుకి డబ్బులు కూడా ఇచ్చాడు, చట్టం అలాగట. ఆ డబ్బులు గల్లాలో వేయాలో వద్దో తెలియక బాబాయ్ చాలాసేపు చేత్తోనే పట్టుకున్నాడు. తర్వాత సంతకం పెట్టమంటే కళ్ళజోడు తెప్పించుకున్నాడు. మొత్తం చదివాడు. మళ్ళీ చదివాడు. ఒక చోట అర్థం కాక అడిగాడు, ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు, అయినా ఇంకోసారి చదివి అప్పుడు పెట్టాడు, ఒక్కో అక్షరం విడివిడిగా. రిపోర్టు వచ్చేదాకా సరిగ్గా తిననూ లేదు, పిన్నితో మాట్లాడనూ లేదు. పప్పు మంచిదే అని తేలింది లెండి.

సరే, చెప్పేస్తాను. ఈయనకి చెప్పలేదు.

డైరీ ఒకటి ఉంటుంది, రోజూ కొట్టు తెరిచేటప్పుడూ మూసేటప్పుడూ అన్నీ చూసుకున్నామని సంతకం పెట్టాలి, ఏదైనా తేడా వస్తేనే రాయాలి. అంతే పని, నిమిషం కూడా పట్టదు. నేను ఆదివారం రాత్రి సీరియల్ చూస్తూ వారానికి సరిపడా పెట్టేస్తాను. ఇవాళ గురువారం. ఆవిడ పేజీ తిప్పింది. శుక్రవారం సంతకం ఉంది. శనివారమూ ఉంది, కొట్టు మూసేటప్పుడు ఫ్రిజ్ తలుపు వేశానని, చెత్త తీశానని, అన్నీ చూశానని. ఆవిడ ఏమీ అనలేదు. శనివారం మీద వేలు పెట్టి నా వంక చూసి, చిన్నగా నవ్వింది. అరిచినా బాగుండేది.

10 వేసింది. ఇంకా ఎక్కువ వేయొచ్చు, వేయలేదు.

అప్పీలు గిప్పీలు ఏమీ లేదు. మళ్ళీ చూడమని అడగొచ్చు, దానికి ఫీజు కట్టాలి, ఆ డబ్బులకి ఈయనకి ఏం చెప్పాలో చూడాలి. ముందు పిండి గంటలు రాయడం మొదలుపెట్టాలి, ఇప్పుడే వెళ్ళి టైము చూసి రాసొచ్చాను కూడా.

రేపు శుక్రవారం. ఆ పేజీలో సంతకం ఎలాగూ ఉంది. కొట్టేసి మళ్ళీ పెట్టాలా, పక్కన ఇంకోటి పెట్టాలా? ఆవిడనే అడగాల్సింది.