తేజ కాయ, అంగోలా చమురు

ఇవాళ తెల్లవారకముందే నాన్నతో గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళాను. ముప్పై రెండు టిక్కీలు (మిర్చి బస్తాలు), అన్నీ తేజ రకమే. గేటు దాటగానే నాకు తుమ్ములు మొదలు. నాన్నకి చీమ కుట్టినట్టు కూడా లేదు.

కొనేవాళ్ళు కాయ విరిచి చూసి పెదవి విరిచారు. "చైనా ఆర్డర్లు లేవండీ" అన్నాడు గుమాస్తా. మన తేజ ఎక్కువగా పోయేది అక్కడికే మరి. ఇంకో కమిషన్ దుకాణంలో అడుగుదామంటే నాన్న పలకలేదు. విత్తనాలకీ మందులకీ అప్పు ఇక్కడే తెచ్చాం, సరుకు ఇక్కడే దించాలి. ఆ సంగతి ఏ కాగితం మీదా ఉండదు.

టీ తాగుతుంటే లువాండా నుంచి పెదనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్య ఫోను. అది ఆఫ్రికాలోని అంగోలా రాజధాని, అక్కడ ఎకౌంట్స్ చూస్తాడు. ఊరి బయట చైనా వాళ్ళు కట్టిన కిలాంబ అపార్ట్‌మెంట్లు వీడియోలో చూపించాడు. వరసగా, ఒకేలా, చూపు ఆనినంత దూరం.

నాన్నకి ఆ కథ చెప్పాను. అక్కడ 27 ఏళ్ళ అంతర్యుద్ధం 2002లో ఆగింది. రోడ్లు లేవు, రైళ్ళు లేవు, భూమిలో చమురు మాత్రం ఉంది. అప్పడిగితే ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) ముందు చమురు డబ్బుకి లెక్కలు చూపించమంది. చైనా ప్రభుత్వ బ్యాంకు ఎగ్జిమ్ ఆ లెక్కలు అడగలేదు. 2004లో 200 కోట్ల డాలర్లు ఇచ్చింది, బాకీ చమురుతో తీర్చాలి, కాంట్రాక్టుల్లో 70 శాతం చైనా కంపెనీలకే.

"దుకాణం బాకీయేగా!" అన్నాడు నాన్న. నాకు తట్టలేదు సుమా, ఇన్నేళ్ళుగా పేపర్లు చదువుతున్నా.

2014లో 100 డాలర్ల పైనున్న పీపా చమురు ధర 2016 మొదట్లో 30కి దిగువకి పడింది. అప్పు మాత్రం డాలర్లలో అంతే ఉంది. అదే బాకీకి మూడు రెట్ల చమురు పొయ్యాలి. ఇది నాన్నకి విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. నిరుటి కంటే ఎక్కువ టిక్కీలు తెచ్చాం, దుకాణం లెక్క చీటీలో మిగిలింది నిరుటి కంటే తక్కువ.

చైనా దోచేస్తోందని నేనేదో మొదలుపెట్టబోయాను.

"రోడ్లు పడ్డాయా లేదా వాళ్ళకి?"

"పడ్డాయి."

"మన పొలం డొంక ఇంకా మట్టిదేరా" అని చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి రెండుసార్లు సబ్బు రుద్దాను. ఇది రాస్తూ పొరపాటున కన్ను నలుపుకున్నాను. మంట!