చెన్నపట్నంలో స్థిరపడిన ఇంగ్లిషు వడ్రంగి ఆనవాలు పట్టడం ఎలా

పూర్వీకుడు కలెక్టరో కర్నలో అయితే అచ్చుపుస్తకాల్లోనే దొరుకుతాడు. వడ్రంగి, కమ్మరి, బండ్లు కట్టేవాడు అయితే కష్టం. అదే కాలంలో అదే పేరున్నవాళ్లు మద్రాసులో ఇంకొందరు ఉంటారు. అందుకే పేరుకన్నా పనిని పట్టుకుని వెతకాలని గట్టిగా చెబుతాను.

మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి పద్దుల నకళ్లు 1698 నుంచి లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరుసలో ఉన్నాయి. 19వ శతాబ్దపు బాప్టిజం పద్దుల్లో సాధారణంగా తండ్రి వృత్తి కూడా రాశారు. 1752కి ముందు తేదీలతో జాగ్రత్త: అప్పటి ఇంగ్లిషు సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1720 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో 1721. ఇది మరిస్తే పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు తేలుతుంది! 1746లో మద్రాసు సెయింట్ జార్జి కోట ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది, 1752 దాకా ప్రెసిడెన్సీ కేంద్రం కడలూరు. ఆ ఏళ్లలో మనిషి కనబడకపోతే అక్కడ చూడండి.

అన్నిటికన్నా విలువైనవి వీలునామాలు, చనిపోయినవాడి సామాను జాబితాలు. వడ్రంగి అయితే రంపాలు, చిత్రికలు, ఉలులు, మిగిలిన కలప, రావలసిన బాకీలు కనిపించవచ్చు. సామాను వేలం వేస్తే ఎవరు ఎంతకు కొన్నారో కూడా రాసేవారు. పనిముట్లు కొన్నవాళ్ల పేర్లు విడిగా రాసుకోండి, భాగస్వామో అల్లుడో అక్కడే బయటపడొచ్చు. 1818కి ముందు లెక్కలు వరహాల్లో ఉంటాయి: వరహాకు 42 పణాలు, పణానికి 80 కాసులు. 12–21–0 అంటే పన్నెండున్నర వరహాలు. వరహాకు మూడున్నర రూపాయల చొప్పున 43 రూపాయల 12 అణాలు. దాన్ని 12.21 అనుకుని కూడితే మొత్తం తప్పుతుంది.

కోటలో సెయింట్ మేరీస్ చర్చి చుట్టూ పరిచిన సమాధిరాళ్లను నమ్మి అక్కడే పాతారనుకోకండి. 1758–59 ఫ్రెంచి ముట్టడి తర్వాత పాత శ్మశానం నుంచి, అంటే ఇప్పటి లా కాలేజీ చోటు నుంచి, వాటిని తెచ్చి పరిచారు.

ఇక ఇంగ్లండు వైపు. ఇలాంటి పనివాళ్లు చాలామంది ఈస్టిండియా కంపెనీ సోల్జర్లుగా ఓడెక్కారు. అలా చేరిన సోల్జర్ల జాబితాల్లో వయసు, ఎత్తు, పుట్టిన ఊరు, పాత వృత్తి దొరుకుతాయి. ఆ ఊరి చర్చి పద్దుల్లో 1813 నుంచి తండ్రి వృత్తి ఉంటుంది. అంతకుముందు పుట్టినవాడైతే 1710–1811 మధ్య అప్రెంటిసులపై వసూలు చేసిన పన్ను పద్దులు చూడాలి. గురువు పేరు, ఊరు, వృత్తి వాటిలో ఉంటాయి. కొడుక్కి తండ్రే పని నేర్పితే మాత్రం ఆ పన్ను లేదు, పద్దూ ఉండదు.