ఆషాఢం గాలికి కెమెరా కట్టి

గాలిపటానికి కెమెరా కట్టి పైనుంచి ఫోటోలు తీస్తానంటే, డ్రోన్ కొనుక్కోవచ్చు కదా అంటారు. ఆషాఢంలో మా ఉరవకొండ వైపు వచ్చి చూడండి, గాలిమరలు ఊరికే పెట్టలేదు ఇక్కడ. ఆ గాలిలో నిలదొక్కుకోవడానికే చిన్న డ్రోన్ బ్యాటరీ అంతా ఖర్చయిపోతుంది, గాలిపటానికైతే అదే పెట్రోలు.

కెమెరాను పటానికే కట్టేస్తామని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ముందు పటం ఎగరేసి, అది పైన కుదురుగా నిలబడ్డాక, దానికి ఇరవై ముప్పై మీటర్ల కింద దారానికి కెమెరా వేలాడదీస్తాం, అప్పుడు పైన పటం ఎంత గింజుకున్నా ఆ కుదుపు కెమెరా దాకా పెద్దగా రాదు. వేలాడదీసే పద్ధతి 1912లో పికవే అనే ఫ్రెంచాయన కనిపెట్టింది: అడ్డంగా నిలువుగా రెండు పుల్లలు, వాటి కొసల్లోంచి జారే తాడు, అంతే, దారం వాలు మారినా కెమెరా మట్టంగానే ఉంటుంది. అంతకుముందు 1888లోనే ఆర్థర్ బటూ అనే ఇంకో ఫ్రెంచాయన గాలిపటంతో ఫోటో తీశాడు, షట్టర్ పడడానికి మెల్లగా కాలే వత్తి పెట్టి! ఇప్పుడు ఐదు సెకన్లకొకటి దానంతటదే తీసే చిన్న కెమెరా చాలు, వందల్లో వస్తాయి, బాగున్నవి నాలుగైదు మిగులుతాయి.

సంక్రాంతి పటాలు దీనికి పనికిరావు, అవి గింగిరాలు కొట్టడానికే పుట్టాయి. జపాన్ వాళ్ల ఆరు మూలల "రొక్కాకు" పటం మంచిది. దారం డేక్రాన్ ది, అంటే పాలిస్టర్ ది తీసుకోండి, గాజు మాంజా జోలికి మాత్రం అస్సలు పోవద్దు. చేతికి తోలు గ్లౌజులు ఉండాల్సిందే. కరెంటు తీగలు కనిపిస్తే అక్కడ ఎగరేయకండి, ఎంత మంచి ఫోటో వచ్చేలా ఉన్నా సరే.

నాకు బాగా నచ్చేవి శెనక్కాయ చేలు, ఎర్రనేల మీద పచ్చ చారలు, మధ్యమధ్య కంది సాళ్లు, కింద నిలబడితే ఆ వరసే తెలియదు. డ్రోన్లతో భూముల రీసర్వే మొదలైనప్పటి నుంచి పైన ఏది ఎగిరినా రైతులకు టెన్షనే. "ఏమప్పా, మళ్లీ కొలతలా?" అని వచ్చిన ఒక పెద్దాయనకు ఫోటో చూపిస్తే, తన చేను వదిలేసి పక్కాయన గట్టు ఎంత జరిపాడో వెతకడం మొదలుపెట్టాడు.

గండికోట ఎప్పుడు తీస్తావని అడుగుతున్నారు. అది పురావస్తు శాఖది, ముందు అనుమతి కావాలి. పైగా పెన్న లోయ అంచున గాలి సుడి తిరుగుతుంది, పటం ఎటు పడుతుందో చెప్పలేం. ప్రస్తుతానికి నేను వెళ్లను.