‘మీదే సంఘం?’

సింహపురి ఎక్స్‌ప్రెస్ దిగి సికింద్రాబాద్ స్టేషన్ బయటికి వచ్చేసరికి ఆటోవాళ్లు చుట్టుముట్టారు. అల్వాల్‌కు నాలుగు వందలంట. ఆ డబ్బుతో ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయి, సముద్రం చూసి, చేపల పులుసుతో అన్నం తిని రావచ్చు. అమ్మ బస్సే ఎక్కుదామంది. ‘ఇక్కడ ఆడోళ్లకు ఫ్రీ అంటగా’ అంటూ ఆధార్ కార్డు చేతిలో పట్టుకునే ఎక్కింది. కండక్టరమ్మ కార్డు తిప్పి అడ్రసు చూసి, ‘ఆంధ్రా ఆధార్ నడవదమ్మా, టికెట్ తీసుకోవాలె’ అంది. ఆమె తప్పేం లేదు, రూలే అది. అయినా అమ్మ అల్వాల్ దాకా నోరు విప్పలేదు.

మేం వచ్చింది చిన్నాన్న మనవరాలి పెళ్లికి. పెళ్లి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. బిర్యానీ బాగుంది, ఏసీ పనిచేయలేదు.

ఆదివారం ఆరాధన మానడం అమ్మకు కుదరదు. చుట్టాలు వాళ్లు వెళ్లే పెద్ద చర్చికి తీసుకెళ్లారు. పేరు చెప్పను. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కి, ముందు నుంచి మూడో వరసలో కూర్చుని బైబిల్ ఒళ్లో పెట్టుకుందో లేదో, మెళ్లో బ్యాడ్జీ వేసుకున్న కుర్రాడొచ్చాడు. ‘అమ్మగారూ, ఇవి సభ్యుల సీట్లండీ. మీదే సంఘం?’ అమ్మ మా ఊరి సంఘం పేరు చెప్పింది. ‘అయితే వెనక్కి రండమ్మా’ అని చాలా మర్యాదగా స్తంభం వెనక కూర్చోబెట్టాడు. అక్కణ్ణుంచి పాస్టరుగారు టీవీ తెర మీద మాత్రమే కనపడతారు. ఆ రోజు వాక్యం సమరయ స్త్రీ గురించి. బావి దగ్గర యేసు ఆమెను నీళ్లడగడం, సమరయులతో పొత్తు పెట్టుకోని యూదుడివై ఉండి నన్ను అడుగుతావేంటని ఆమె ఆశ్చర్యపోవడం. బయటికొచ్చాక ఎలా ఉందని అడిగితే, ‘బాగానే చెప్పాడు. కనపడితే ఇంకా బాగుండేది’ అంది.

ఈ ‘మీదే సంఘం’ మాకు కొత్త ప్రశ్నేం కాదు. మా ఇళ్లలో దాని వెనక ఇంకో ప్రశ్న ఉంటుంది: ఏ పల్లె, మాలపల్లా, మాదిగపల్లా? మా ఊళ్లో రెండు పల్లెలకు రెండు ప్రార్థన మందిరాలు. ఒకదాంట్లో మైకు పెడితే ఇంకోదాంట్లో వినపడుతుంది. అవే కీర్తనలు, అదే రొట్టె, అదే ద్రాక్షరసం, కానీ వీళ్లు అక్కడ బల్ల తీసుకోరు, వాళ్లు ఇక్కడికి రారు. పిల్లనివ్వడం సరేసరి. కరువులో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని మావాళ్లకు పని చూపించాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇప్పించాడు. బోధకులు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని ముంచారట. ఆ లెక్కలో మా ముత్తాతల్లో ఒకరున్నారని ఇంట్లో గొప్పగా చెప్పుకుంటాం. పక్క పల్లె సంగతి ఎత్తితే మాత్రం మాట మారుస్తాం.

సోమవారం చెల్లెలు జాకెట్టు ముక్కలంటూ జనరల్ బజార్‌లో దూరింది. అమ్మ నడవలేనంది. ఎస్.డి. రోడ్డు మీద సెయింట్ మేరీస్ చర్చి ఉందిగా, అక్కడ నీడ ఉంటుందని తీసుకెళ్లాను. 1850లో పూర్తయిన క్యాథలిక్ గుడి. 2008లో దానికి బసిలికా హోదా, అంటే పోపు ఇచ్చే ప్రత్యేక గౌరవం, వచ్చింది. లోపలికి రమ్మంటే రానంది. ‘మరియమ్మ బొమ్మకు దండలేస్తారు, నేను రాను.’ నిన్న స్తంభం వెనక కూర్చోబెట్టారని బాధపడిన మనిషే ఇవాళ గుమ్మం బయట తనకు తానే ఆగిపోయింది. నేను వాదించలేదు. ఎండలో అమ్మతో వాదన పెట్టుకునే ఓపిక లేదు.

చెట్టు కింద కూర్చున్నాం. మా పక్కన అప్పటికే ఒకావిడ ఉంది. యాభై దాటి ఉంటాయి, నుదుట ఇంత బొట్టు, ఒళ్లో ప్లాస్టిక్ బుట్ట. అమ్మ ఊరుకుంటుందా? ‘మీదే సంఘం?’ అనేసింది.

‘సంఘమా? మా గల్లీల పొదుపు సంఘం ఉన్నదమ్మా. లోన్ల సంగతా?’

నాకు నవ్వాగలేదు. అమ్మ నావైపు గుర్రుగా చూసింది. ఆవిడ ఉజ్జయిని మహంకాళి గుడికి పోయి వస్తోందట. బిడ్డకు నెలలు నిండాయి, అందుకని ఇక్కడో కొవ్వొత్తి, అక్కడో కొబ్బరికాయ. ఒంగోలు అనగానే ‘గా ఎడ్ల ఊరా!’ అని సంబరపడి, బుట్టలోంచి కొబ్బరి చిప్ప తీసి ముక్క విరిచి ఇచ్చింది. అమ్మ చెయ్యి చాచలేదు. విగ్రహానికి పెట్టింది తినదు, పుట్టి బుద్ధెరిగాక తినలేదు. ఎలా చెప్పాలో తెలియక ‘మాకు పట్టదమ్మా’ అని గొణిగింది. ఆవిడ రెండు క్షణాలు చూసి, ముక్క మళ్లీ బుట్టలో వేసి, ఫ్లాస్కు తీసింది.

‘మరి చాయ్ తాగు పెద్దమ్మా. చాయ్ ఏ దేవునికి పెట్టలే.’

ఒకటే మూత. ముందు తను తాగి, కొంగుతో అంచు తుడిచి, నిండా పోసి ఇచ్చింది. అమ్మ ఈసారి అందుకుంది. అల్లం బాగా దంచి వేసిన టీ, పొగలు పోతున్నా గుటకగుటకగా తాగేసింది. తాగేసి వెంటనే లేచి అటూ ఇటూ చూడసాగింది.

‘ఏందమ్మా?’ అన్నాను.

‘కొళాయి ఎక్కడరా? కడిగియ్యాలిగా.’

మా తాతకు ఊళ్లో టీకొట్టు దగ్గర గ్లాసు వేరు. చూరులో దోపి ఉండేది. తాగాక తనే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. చిన్నప్పుడు ఆయన వేలు పట్టుకుని వెళ్లినప్పుడు ఆ కడిగే పని అమ్మదే. ఈ సంగతి నాకు ఎన్నోసార్లు చెప్పింది, కానీ ఆ మూతను రెండు చేతుల్తో పట్టుకుని నీళ్ల కోసం వెతుకుతుంటే మొదటిసారి చూశాను.

‘ఎందుకు కడుగుడు? తే’ అని ఆవిడ మూత లాక్కుంది. మిగిలిన చుక్కలు మట్టిలోకి విదిలించి, మళ్లీ నింపి, నాకిచ్చింది.

తిరుగు రైల్లో లోయర్ బెర్తు మీద అమ్మ నిద్రపోయిందనుకున్నా. కాజీపేట దాటాక అడిగింది.

‘ఆమె పేరేందిరా?’

‘నువ్వడగలేదుగా. సంఘమే అడిగావు.’

‘నోరు మూసుకుని పడుకో. ఆ బిడ్డ కాన్పుకు ప్రార్థన చెయ్యాలంటే పేరుండాలిగా’ అని అటు తిరిగింది.