డేనిష్ చెకుముకి బాకు నకలు: పలచన చేయడమే అసలు పని

డెన్మార్క్ నేషనల్ మ్యూజియంలో ఉన్న, చేపతోక ఆకారపు పిడి గల రాతియుగపు హిండ్స్‌గావ్ల్ బాకు పొడవు 29.5 సెం.మీ., మందం 1 సెం.మీ. కూడా ఉండదు. ఆ పిడి మీద మోజుతో నేరుగా దాన్నే చేయబోతే రాయి దండగ. నేను చేసింది అంతకన్నా పాతదైన ఆకు ఆకారపు రకం. దీనికి పిడి విడిగా ఉండదు, కింది సగం కాస్త మందంగా వదిలితే చాలు.

చెకుముకి రాయిని వేలికొనలతో పట్టుకుని తట్టి చూశాను. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టే. 20 సెం.మీ. పొడవు, 9 వెడల్పు, 4 మందం ఉన్న పలక తీసుకుని పై సుద్దపొరను అరకిలో సుత్తిరాయితో కొట్టేశాను. తర్వాత కొట్టి పలచన చేసే పనికి పాతకాలంలో జింక కొమ్ము వాడేవారు. మన దేశంలో అది 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది కాబట్టి కర్రపిడికి బిగించిన పావుకిలో రాగి ముక్కతో కానిచ్చాను.

దెబ్బకు ఊడే పెచ్చు రాయి నడుమ దాటి పారాలి. అది దెబ్బ బలంతో రాదు, అంచు తయారీతో వస్తుంది. కొట్టే అంచు రాయి మందంలో సగానికి కాస్త కిందికి ఉండాలి. దాన్ని ఇసుకరాయితో చేతికి కోసుకోనంత మొండిగా రుద్దాలి. రుద్దకపోతే అంచు నలిగిపోతుంది, పెచ్చు సగంలోనే తెగి మెట్టు మిగులుతుంది. ఆ మెట్టు మీద అదే వైపు నుంచి మళ్లీ కొడితే గుట్ట పెరుగుతుందే తప్ప పోదు. ఎదుటి అంచు నుంచి రావాలి. పలచబడ్డాక అదురుకే రాయి అడ్డంగా రెండు ముక్కలవుతుంది. అందుకే తోలు పరిచిన తొడ మీద నిలువునా ఆనించి, కొనల దగ్గర దెబ్బ తగ్గించాను.

వెడల్పు మందానికి నాలుగింతలయ్యాక రాగి మొనతో నొక్కుడు పని, అంటే కొట్టకుండా అంచును నొక్కి చిన్న పెచ్చులు ఊడదీయడం. ముందు లోపలికి ఒత్తి, చివర్లో కిందికి వంచాలి. కొన్ని అసలు బాకులను ఈ దశకు ముందు సాన పట్టారు. గట్లు పోతే పెచ్చులు వరసగా వస్తాయి. ఓపిక ఉంటే అదే మేలు.

ఈ పనిలో లేచే రాతి ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. ఆరుబయట, గాలి వీపుకు తగిలేలా, ఎన్95 మాస్కు, కళ్లద్దాలతోనే కూర్చోవాలి. పూర్తయ్యాక పిడి అడుగున వజ్రపు మొనతో సంవత్సరం గీస్తాను, ఎవరూ పాతదని అమ్మకుండా. పెచ్చులను టార్పాలిన్‌లో పోగుచేసి, ఈ ఏటి నాణెంతో కలిపి పాతిపెడతాను. రేపు తవ్వేవాళ్లు పొరబడకూడదు.