ఒక్క క్రారవడి కోసం

మూడో గంట గడిచినా సాయం చేయడానికి వచ్చిన ఒక విద్యార్థిని ల్యాప్‌టాప్‌లో మా ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడ్ చూసి దిద్దగల) ప్రోగ్రామ్ నడవనే లేదు. ఆమె దిద్దాలనుకున్నది తెలుగు మెనూలో ‘భదపరచు’ అని పడిన మాట. లోపించింది ఒక్క క్రారవడి.

ప్రోగ్రామ్‌ను సొంత కంప్యూటర్‌లో ఎలా నడిపించుకోవాలో చెప్పే సూచనల ఫైలు రాసింది నేనే. అన్నీ ముందే ఇన్‌స్టాల్ అయి ఉన్న నా కంప్యూటర్ ముందు కూర్చుని రాశాను కనుక, ఏమీ లేనివారికి ఏం కావాలో అందులో లేదు. కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్‌లో ఆ మాట దిద్దే పనికి ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’, అంటే కొత్తవారికి తగిన తొలి పని, అని లేబుల్ తగిలించి చేతులు దులుపుకున్నాను (అదేదో ఆహ్వానపత్రిక అయినట్టు).

ఫైర్‌ఫాక్స్ అనువాదానికి మొజిల్లా వారి అనువాద సైటు పాంటూన్‌లోనూ, ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌కు అలాంటిదే అయిన వెబ్‌లేట్‌లోనూ బ్రౌజర్ తెరిచి మాట దిద్దితే చాలు, గిట్ (కోడ్‌లో మార్పులను నమోదు చేసే సాధనం) తెలియనక్కరలేదు. మా దగ్గర అలా కాదు.

రాత్రి ఖాళీ కంప్యూటర్‌లో నా సూచనలనే వరుసగా పాటించి చూశాను. నాలుగో వరుసలోనే ఆగిపోయాను.